మొదటి రంగు

మూడో పీరియడ్ మధ్యలో, బోర్డు మీద తాను గీసిన యూరప్ పటం కదిలినట్లనిపించింది సాయిప్రియకు. చాక్‌పీసు ఉన్న చేత్తోనే బోర్డు అంచు పట్టుకుంది. ఆమెకు ఎనిమిదో నెల. పొద్దున గోస్పాడు మండలంలోని తమ పల్లె నుంచి నంద్యాలకు ఒక బస్సు, అక్కడి నుంచి ఆళ్లగడ్డకు ఇంకో బస్సు ఎక్కి వచ్చింది. రెండింట్లోనూ సీటు దొరకలేదు. ఈ ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పినందుకు నెలకు పదహారు వేలిస్తారు, రాని రోజుకు కోస్తారు.

"పాత ఎముకల్లోంచి డీఎన్ఏ తీసి చదువుతున్నారు" అని పాఠం సాగించింది. "ఎనిమిది వేల ఏళ్ల కిందట పడమటి యూరప్‌లో బతికినవాళ్ల ఎముకలు చూస్తే, వాళ్లలో చాలామంది నలుపేనని తేలింది. తెలుపు అక్కడ తర్వాత వ్యాపించింది."

నల్లమల చెంచుగూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే భ్రమరాంబిక చెయ్యెత్తింది. "అయితే మొదట్లో అందరూ మా మాదిరే ఉండిరా మేడం?"

వెనక బెంచీల్లో నలుగురు నవ్వారు.

"మన మాదిరి" అంది సాయిప్రియ. "ఎండకు ఒంట్లో ఫోలేట్ అనే విటమిన్ దెబ్బతింటుంది. కడుపులో బిడ్డ సరిగ్గా ఎదగాలంటే అది కావాలి. నల్ల చర్మం దాన్ని కాపాడి ఉంటుందని శాస్త్రవేత్తల అభిప్రాయం."

"అది యాడ దొరుకుతాది మేడం?"

"ఆకుకూరల్లో, పప్పుల్లో. ఆస్పత్రిలో కడుపుతో ఉన్నోళ్లకు ఇచ్చే ఐరన్ మాత్రల్లో."

ఆ మాట అన్న తర్వాత ఆమెకు గుర్తున్నది ముఖానికి దగ్గరగా వచ్చిన బెంచీ కాలు ఒక్కటే.

ఆ మాత్రలు ఆమె ఈసారి ఒక్కటీ మింగలేదు. ఆరు అట్టలూ ఇంట్లో బీరువాలో, పట్టుచీరల కింద అలాగే ఉన్నాయి. మందులు పారేస్తే పాపమని అత్త రామేశ్వరమ్మ వాటిని దాచిపెట్టింది. మొదటి కాన్పుకు అవి మింగినందువల్లే మనవరాలు సుష్మ నల్లగా పుట్టిందని ఆమె నమ్మకం. మాత్ర మింగితే దొడ్డికి నల్లగా అవుతుంది కదా, మరి బిడ్డ నల్లబడదా అని ఆమె అడిగేది. అందులో తప్పేముందో ఆ వీధిలో ఒక్కరికీ తోచలేదు. సుష్మకు ఇప్పుడు నాలుగేళ్లు. ప్రతి ఆదివారం దాని ఒంటికి సున్నిపిండి రుద్దుతారు, అది ఏడ్చి ఏడ్చి ఊరుకునేదాకా.

జువాలజీలో పీజీ చేసిన మనిషి దీనికెలా ఒప్పుకుందని అడగాల్సిందే. మొదటి నెల వాదించింది. రెండో నెల మొగుడితో చెప్పుకుంటే, "అమ్మతో ఎందుకు పెట్టుకుంటావ్" అన్నాడు కిరణ్. మూడో నెల నుంచి చెప్పడం మానేసింది. పోట్లాడే ఓపిక ఒంట్లో లేకపోవడం ఒక కారణం. ఇంకోటి ఆమె ఎవరితోనూ అనలేదు. ఈ బిడ్డ తెల్లగా పుడితే దానికి ఆ పిండి బాధ తప్పుతుంది కదా అని ఆమెకూ మనసులో ఒక మూల ఉండింది. సిగ్గుపడాల్సిన ఆశ అది. కొన్నాళ్లుగా ఆమెకు సిగ్గు కూడా కలగడం లేదు.

నంద్యాల ఆస్పత్రిలో కళ్లు తెరిచింది. పదకొండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఐదున్నరే ఉంది. "ఇట్లే నొప్పులొస్తే గుండె తట్టుకోదు. ఈ పొద్దే రక్తం ఎక్కించాల" అని డాక్టరమ్మ చెప్పిపోయింది. పక్క మంచం మనిషి గురించి చెబుతున్నట్లు విన్నది సాయిప్రియ.

రామేశ్వరమ్మ ఆటోలో పరుగున వచ్చింది. వచ్చీ రాగానే కోడలి పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ ఏడ్చింది. ప్రేమ లేని మనిషి కాదు. నర్సు జీవమ్మ రక్తం ప్యాకెట్టూ సంతకం పెట్టాల్సిన కాగితమూ తేగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఇది ఎవురి రక్తమమ్మా?"

"బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చింది. పేరుండదు, నంబరే."

"ఆ మనిషి రంగెట్లుంటాదో తెలీదా?"

జీవమ్మ ఆమెను తేరిపార చూసింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో కులం అడిగినవాళ్లను చూసింది. రంగు అడగడం ఇదే మొదలు.

"తెలీదమ్మా."

"అయితే ఆపు. ఎవురో నల్లోడిది ఎక్కితే బిడ్డకొచ్చేస్తాది. మా అన్నకొడుకులు ఎర్రగుంటారు. వాళ్లు వస్తాండారు."

"వాళ్లిచ్చినా పరీక్షలన్నీ అయ్యేకి రేపయితాది. డాక్టరమ్మ ఈ పొద్దే అనింది."

రామేశ్వరమ్మ కొడుక్కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "అమ్మ చెప్పినట్లు ఆగు ప్రియా" అన్నాడు కిరణ్. "ఒక్క పూటే కదా."

కడుపులో బిడ్డ పొద్దుట్నుంచీ సరిగ్గా కదల్లేదు. ఆ సంగతి సాయిప్రియ ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పుకుంది.

"ఆ కాగితం ఇట్లియ్యి సిస్టర్" అంది. "ఆగేది లేదు."

"మళ్లా నల్లగా పుడితే ఏం జేస్తావ్ మే?" అంది రామేశ్వరమ్మ.

"పుట్టనీ అత్తా. బతికి పుట్టనీ."

సంతకం వంకరగా పడింది. ఫోన్లో కిరణ్ హలో హలో అంటూనే ఉన్నాడు. జీవమ్మ నరం కోసం రెండుసార్లు సూది పొడిచింది, దొరకలేదు. సాయిప్రియకు పొడిచినట్లే తెలియలేదు. మూడోసారి తెలిసింది.

"నొప్పిగా ఉందామ్మా?"

"ఉంది" అంది.

కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. సూది లేని చెయ్యి కడుపు మీద ఆనించి, లోపల కదలిక కోసం చూస్తూ పడుకుంది.