గుండీల గది

నా భార్య చివరిదాకా నాకు సంజాయిషీ ఇవ్వలేదు. అది ఆమె తప్పు. పదకొండేళ్లు అడిగాను.

ఆమె చొక్కాలు కుట్టే కర్మాగారంలో కటింగ్ బల్ల దగ్గర పనిచేసేది. కత్తిరించడం అక్కడ చిన్న పని. గుడ్డ పరిచి, ఏ ముక్క ఏ మూల పడితే వృథా తగ్గుతుందో చూసి సుద్దతో గీయడమే అసలు పని. ఆడవాళ్లకు అది ఎవరూ నేర్పరు. ఈమె చూసి నేర్చుకుంది. అన్నం తింటూ కూడా వేలితో నేలమీద గీతలు గీసేది. "కంచంలోకి చూడు" అనేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆమెను తీసుకురావడానికి ముందే వెళ్లాను. కిటికీలోంచి కనబడింది. పక్కన కటింగ్ మాస్టర్. ఈమె తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. ఇంట్లో అలా నవ్వగా నేను చూడలేదు.

దారిలో అడిగాను.

"ఏంటా ఇకఇకలు?"

"ఏం లేదండీ. పని మాట."

"పని మాటకి పళ్లన్నీ బయటపెట్టాలా?"

తల దించుకుంది. నేరం ఒప్పుకున్నట్టే జమకట్టాను.

మర్నాడు ఆమెకంటే ముందే వెళ్లి యజమానిని కలిశాను. "మా ఆవిణ్ణి మగవాళ్ల మధ్య ఉంచకండి" అన్నాను. గుండీలు కుట్టే గదికి మార్చాడు. ఆమె తెలియక మామూలుగా బల్ల దగ్గరికి వెళ్లింది. అందరి ముందూ వెనక్కి పంపారు.

పదకొండేళ్లు గుండీలు కుట్టింది. వంట ముగించి వెళ్లేది, వచ్చి మళ్లీ వంట మొదలుపెట్టేది. నేను కంచం ముందు కూర్చుని "ఇంతకీ వాడితో నీకేంటి?" అనేవాణ్ణి.

"కూర వెయ్యమంటారా?" అనేది.

ఆమె పోయాక, బట్టలు సర్దుతూ మా అమ్మాయి చెప్పింది, తల్లి తనతో అన్న మాటలు.

"నేనే తప్పూ చెయ్యలేదని నోరు తెరిస్తే, ఆయన అడగడం సబబేనని ఒప్పుకున్నట్టే కదే. ఇక రోజుకో రుజువు చూపించాలి. అందుకే ఊరుకున్నా. గుండీ కుడుతూ మనసులో ఆ బల్ల మీద గుడ్డ పరుచుకుంటా, ముక్కలు అటూ ఇటూ జరుపుకుంటా. అక్కడికి మీ నాన్న రాలేడు. కానీ ఒక్కదానికి సిగ్గేస్తుంది. ఆ రోజు నుంచీ నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నా. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా అంతే."

అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "ఆ రోజు తొమ్మిది చొక్కాల గుడ్డలో పది గీసిందంట నాన్నా. 'నా ఉద్యోగానికే ఎసరు పెట్టావు కదమ్మా' అన్నాడంట మాస్టర్. అందుకు నవ్వింది. నీకు తెలిసుంటే ఇంత చేసేవాడివి కాదు."

నాకు తెలుసు. ఆ కిటికీ తెరిచే ఉంది. పది చొక్కాల మాటా విన్నాను, మాస్టర్ మాటా విన్నాను. అతని మీద నాకు ఏ రోజూ అనుమానం లేదు. నేను లేని చోట, నా ప్రమేయం లేకుండా, ఆమె అంత సంతోషంగా ఉండటం ఓర్వలేకపోయాను. అనుమానం అని పేరు పెట్టుకున్నాను. మగవాడికి అది కాస్త పరువైన పేరు.

"నీకు కావలసినవి తీసుకుని మిగతావి ఎవరికైనా ఇచ్చెయ్" అన్నాను అమ్మాయితో. కిటికీ సంగతి చెప్పలేదు. చెప్పను. ఇకమీదట ఎవరడిగినా దీని గురించి నోరు విప్పను.