జట్టునిండా అల్లుళ్లు

పొట్టోడి పిక్కకు నూనె రాసి, రెండు బొటనవేళ్లతో కిందినుంచి పైకి నొక్కుకుంటూ వచ్చాడు మావయ్య. మధ్యలో ముడిపడ్డ కండరం వేళ్లకు తగిలింది. పొట్టోడు పళ్లు బిగించాడు.

"మెల్లగా మావయ్యా, ప్రాణం పోతోంది."

"ఓర్చుకోరా అల్లుడూ. ఆటలో పట్టేస్తే నేను లోపలికి రాలేను."

దేశపు రగ్బీ సెవెన్స్ జట్టుకు ఆయన మాలిష్ చేస్తాడు. కెప్టెన్ పొట్టోడి దగ్గర్నుంచి కుర్రాళ్లందరికీ ఆయన మావయ్యే. పెళ్లి లేదు, కూతురు లేదు, అల్లుళ్లు మాత్రం జట్టునిండా ఉన్నారని తనే నవ్వేవాడు. అరవై దాటాయి. ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. వయసులో ఉండగా ఆయనా ఈ జట్టుకే ఆడాడు, ఒకే ఒక్క ఆట. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు, ఏడేసి నిమిషాల రెండు సగాలు. మొదటి సగం పూర్తికాకుండానే భుజం విరిగింది. జట్టు ఒక్క పాయింటూ లేకుండా ఓడింది.

ఆ తర్వాత కూడా ఏ దేశం వెళ్లినా మొదటిరోజు సాయంత్రానికే పెట్టెలు సర్దుకునేవారు. ఒక్క ఏడాది క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి ఆఖరి నిమిషంలో చేజార్చుకున్నారు. ఏళ్లతరబడి దాన్నే గొప్పగా చెప్పుకున్నారు. కోచ్‌లు మారారు, ఆటగాళ్లు మారారు. మావయ్య చేతుల కింద కాళ్లు మారాయి, అంతే.

పొద్దస్తమానం ఎవరో ఒకరి ఒళ్లు ఆయన చేతుల్లోనే ఉండేది. గదికి చేరాక ఒక్కడే. సొంత భుజం లాగితే చెయ్యి వెనక్కి అందక, గోడ మూలకు ఆనుకుని రుద్దుకునేవాడు.

ఆ మధ్యాహ్నం మళ్లీ క్వార్టర్ ఫైనల్. ఆఖరి క్షణాల్లో పొట్టోడు మైదానం అంచున సందు చూసుకుని దూసుకుపోయి, గీత అవతల బంతిని నేలకు ఆనించాడు. జట్టు మొదటిసారి సెమీఫైనల్‌కు చేరింది. కుర్రాళ్లు ఒకరిమీద ఒకరు పడ్డారు. కోచ్‌ను భుజాలకెత్తుకున్నారు. మావయ్య వాళ్లవైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. కళ్లు తుడుచుకుందామంటే చేతులనిండా నూనె.

బస్సులో చివరి సీట్లో కూర్చున్నాడు. ముందు పాటలు, కేకలు. పొట్టోడు వెనక్కి వచ్చి పక్కన కూలబడి, ఆయన చేతిలో కమలాపండు పెట్టాడు.

"కాస్త అటు తిరుగు మావయ్యా."

"ఎందుకురా?"

"తిరగవయ్యా బాబూ."

జారిన భుజాన్ని పట్టుకుని రుద్దసాగాడు. వాడికి చేతకాదు. నొక్కాల్సిన చోటు వదిలేసి ఎక్కడో నొక్కుతున్నాడు. మావయ్య భుజాన్ని ఇంకాస్త వాడివైపు జరిపాడు.

"నొప్పిగా ఉందా?"

"లేదురా. ఉండనీ."

పండు ఒలిచి సగం వాడికిచ్చాడు. కాసేపటికి వెనక్కి వాలి వాడి ఛాతీకి తల ఆనించాడు.

"పాటలు ఆపండ్రా, మావయ్య పడుకున్నాడు" అన్నాడు పొట్టోడు. బస్సంతా సద్దుమణిగింది. చెయ్యి తిమ్మిరెక్కినా వాడు కదల్లేదు.

హోటల్ వచ్చింది. "మావయ్యా, దిగుదాం." పలకలేదు. మళ్లీ పిలిచాడు. కోచ్ వచ్చి మణికట్టు పట్టుకుని చాలాసేపు చూసి, ఆ చేతిని మెల్లగా ఆయన ఒళ్లోనే పెట్టాడు.

అల్లుళ్లందరూ కలిసి మోసుకుంటూ, మెట్ల దగ్గర తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి దించారు. చివరి సీట్లో, విప్పిన తొక్కలో కమలాపండు సగం, తొనలు ఇంకా తడిగా ఉన్నాయి.