ఏడు పళ్ళ బిగింపు

లారీ యార్డులో ఆయన్ని అందరూ బిగింపు బాబాయ్ అంటారు. పేరు ఊరికే రాలేదు. ముప్ఫై ఏళ్ళు ఫ్లాట్‌బెడ్ నడిపాడు. ఆ బండికి పక్క గోడలుండవు, పైకప్పు ఉండదు; సరుకు కింద పడకుండా ఆపేది డ్రైవరు కట్టిన కట్టొక్కటే. ఇనప పైపులూ యంత్రాలూ మోసిన అన్నేళ్ళలో ఆయన బండిమీంచి ఒక్క మేకు కూడా జారలేదు. ఇంట్లో మాత్రం ఆయన కట్టేసిన కుళాయి ఇంకెవరికీ తిరగదు. డబ్బాకి మూత పెట్టాడంటే, తీయడానికి పక్కింటివాళ్ళని కేకేయాల్సిందే.

ఇప్పుడు మోకాళ్ళు మొరాయించి క్లచ్ తొక్కలేకపోతున్నాడు. బండి అమ్మేస్తానంటే కూతురు అడ్డుపడింది. ఆమెకు లైసెన్సుంది, మూడేళ్ళు వేరేవాళ్ళ బండ్లు నడిపిన అనుభవముంది, అన్నిటికీ మించి ఆ బండంటే ప్రాణం. చివరికి తండ్రి ఓ మెట్టు దిగాడు.

"ఒక్క లోడు నువ్వే కట్టు, నువ్వే తోలు. సరుకు చెక్కుచెదరకుండా దింపితే బండి నీది. ఒక్క సొట్ట పడిందా, మర్నాడే బేరం పెట్టేస్తా."

తల్లి దానికి ఇంకో షరతు కలిపింది. "మీరూ పక్కన కూర్చుని వెళ్ళండి. కానీ కట్టు గురించి ఒక్క మాట మాట్లాడారో, ఇంటికొచ్చాక నా మాటలు వినాల్సొస్తుంది."

ఆ రెండో బాధ ఎలాంటిదో ఆయనకు బాగా తెలుసు. సరేనన్నాడు.

లోడు ఓ బడికి వెళ్ళే జారుడు గొట్టం. ఎర్రటి ప్లాస్టిక్ ముక్కలు ఐదు, ఒక్కోటీ మనిషి దూరి కూర్చునేంత. అవన్నీ కలిపి బిగిస్తే పిల్లలు పైన దూరి కింద తేలతారు. ఫ్యాక్టరీ ఫోర్‌మన్ కూతురికి ముందే చెప్పాడు. "ఇది ఇనుము కాదమ్మా. ఎండకి మెత్తబడుద్ది. బెల్టు బిగించే రాచెట్ మీద ఏడు పళ్ళు, అంతే. ఎనిమిదోది వేశావంటే గొట్టం నొక్కుకుపోయి, పక్కదాంతో అతకదు."

ఆమె అడుగున రబ్బరు పరిచి, గొట్టాలు దొర్లకుండా అటూ ఇటూ చెక్క దిమ్మెలు ఆనించి, ఒక్కోదానికి రెండేసి బెల్టులు వేసింది. రాచెట్ పిడి లాగినప్పుడల్లా టక్కుమని ఒక పన్ను జరిగి బెల్టు బిగుస్తుంది. ఏడు లెక్కపెట్టి ఆపింది. తండ్రి చేతులు వెనక్కి కట్టుకుని, కడుపునొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టి చూస్తూ నిలబడ్డాడు. తాతకు దగ్గులు నేర్పుతున్నాననుకుంటాడేమోనని ఆమె ఫోర్‌మన్ మాట ఆయనకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథే లేదు.

బయల్దేరిన అరగంటకి ఎక్కడున్నా ఆగి కట్టు చూసుకోవాలన్నది తండ్రి పెట్టిన నియమమే. పెట్రోలు బంకు పక్కన ఆపింది. బాత్రూముకెళ్ళి వచ్చేసరికి ఆయన తన సీట్లో, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చుని ఉన్నాడు.

ఆమె ఒక్కో బెల్టునీ అరచేత్తో చరుస్తూ వెళ్ళింది. మొదటి ఐదు బెల్టులూ ఒకే చప్పుడు చేశాయి. ఆరోది ఖణేల్మంది. కింద చూస్తే గొట్టం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. ఇంకేముంది, బండి పోయినట్టే. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"నాన్నా!"

ఆయన దిగి వచ్చాడు. గొట్టాన్ని చూశాడు. మాట్లాడకూడదన్న షరతు గుర్తుంది కాబట్టి వేలితో తనని తాను చూపించుకున్నాడు.

"ఎన్ని పళ్ళు వేశావ్?"

మూడు వేళ్ళు చూపించాడు. తరవాత సిగ్గుపడుతూ నాలుగోది కూడా.

ఆమె బెల్టు వదులు చేస్తూ ఫోర్‌మన్ మాట అంతా చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది. "ఇనుముకి లాగినట్టే ఇంకాస్త లాగొచ్చు కదా అని... చెయ్యి ఊరుకోలేదే తల్లీ. ఇది సొట్ట కింద లెక్కకాదు. తప్పు నీది కాదు, బండి నీకే..."

"నాకలా వద్దు. నేను కట్టిన కట్టు నిలబడితేనే కావాలి."

టేపు తీసి కొలిచింది. అడ్డం కంటే నిలువు మూడు వేళ్ళు తక్కువ. ఇద్దరూ గొట్టం ముందు నిలబడ్డారు, పొయ్యిమీద పాలు కాచేవాళ్ళలా కళ్ళు తిప్పకుండా. పది నిమిషాలకి రెండు వేళ్ళ తేడా. ఇంకో పది నిమిషాలకి ఒక వేలు. ఆయన ఎండ తగలకుండా తన చొక్కా విప్పి గొట్టంమీద కప్పాడు. బంకులోవాళ్ళు, బనియనుతో ఉన్న పెద్దమనిషి ప్లాస్టిక్ గొట్టాన్ని నిమురుతుంటే వింతగా చూశారు. ఇంకాసేపటికి లోపల్నుంచి టప్‌మని చప్పుడొచ్చింది.

కొలిస్తే అడ్డమూ నిలువూ ఒకటే!

ఆమె కేక పెట్టి తండ్రిని కావిలించుకుంది. ఆయన చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు, అది కూడా గమనించలేదు. ఆమె ఏడు పళ్ళు లెక్కపెట్టి బెల్టు వేసింది. ఆయన కూడా పైకే లెక్కపెట్టాడు, ఏడు దగ్గర గట్టిగా "చాలు!" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం ఆమెకి అదే మొదలు.

బడి దగ్గర పిల్లలు కిటికీలకి అతుక్కుపోయి ఉన్నారు. ఫిట్టరు ఐదు గొట్టాలనీ దింపించి, అంచుకి అంచు ఆనించి చూశాడు. అన్నీ అచ్చు గుద్దినట్టు కలిశాయి. అతను సంతోషపడిపోయి, సరుకు ముట్టినట్టు రాసిన కాగితమూ పెన్నూ తిన్నగా తండ్రికే అందించాడు.

"పోయినసారి వేరే బండిలో వస్తే రెండు నొక్కుకుపోయాయండీ. మీ కట్టే కట్టు! ఇక్కడ, డ్రైవరు అని ఉన్నచోట సంతకం పెట్టండి."

ఆయన చెయ్యి అలవాటుకొద్దీ ముందుకెళ్ళింది. సగంలో ఆగింది.

"డ్రైవరు ఆవిడండీ" అన్నాడు, బడంతా వినేలా. "కట్టింది కూడా ఆవిడే. నేను క్లీనర్ని. మధ్యలో చెడగొట్టబోయాను కూడా."

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగి గీత సరిగ్గా కనిపించలేదు. ఎలాగో సంతకం పెట్టి తలెత్తేసరికి, బిగింపు బాబాయ్ కింద కూర్చుని, విప్పిన బెల్టులు ఒక్కొక్కటే చుట్టలు చుడుతున్నాడు.