గుండుమేడ మూల

రెండు పెద్ద రోడ్లు కలిసేచోట ఉంది ఆ మేడ. చెరో రోడ్డుకూ చెరో ముఖం పెట్టి, మూల దగ్గర మాత్రం పదునుగా విరగకుండా కుండలా గుండ్రంగా తిరుగుతుంది. పైన రాగిరేకుల గుమ్మటం, కింద వంపు తిరిగిన అద్దాల కిటికీలు. ఎవరికి దారి చెప్పాలన్నా "గుండుమేడ దగ్గర దిగండి" అనడం ఊరంతటికీ అలవాటు.

ఆ గుండ్రటి మూలలో, కింది గదిలో మామయ్య సెలూన్. తండ్రి పోయిన మేనకోడలిని చదివించి ఇంజనీరును చేసింది ఆయనే. భూగర్భ రైలు కోసం రోడ్డు కింద సొరంగం తవ్వుతుంటే మేడ గోడలు బీటలిచ్చాయి. పరీక్షించే పని తిరిగి తిరిగి ఆ మేనకోడలి మీదే పడింది.

"మా అమ్మాయే చూస్తోంది. ఇక మీరు గుండెల మీద చెయ్యేసుకుని పడుకోండి," అని మామయ్య చుట్టుపక్కల దుకాణాలవాళ్లందరికీ చెప్పేశాడు.

ఆమె సెలూన్‌లో అద్దాలు దింపించి, గోడ మీది సున్నం చెక్కించింది. మూలలోని ఇటుకలు అటూ ఇటూ పక్క గోడల్లోకి చొచ్చుకుని ఉంటాయనుకుంది. ఒక్కటీ చొరబడలేదు. కిందనుంచి పైదాకా గీత గీసినట్టు నిలువునా సందు.

మేడ కట్టించిన అన్నదమ్ములకు పడేది కాదని అందరూ చెప్పుకునేదే. చెరో రోడ్డు మీదా చెరొకరు కట్టుకుని, మధ్య మూల ఖాళీగా వదిలేశారట. ఇద్దరిదీ ఒకటే ఇల్లనిపించాలని తల్లి పట్టుబట్టి ఆ మూల కట్టించిందట. నా గోడ ముట్టుకోవద్దంటే నాది ముట్టుకోవద్దని కొడుకులిద్దరూ మేస్త్రీకి అడ్డుపడి ఉంటారు. అందుకే ఆ మూల ఎవరినీ పట్టుకోకుండా, లోతులేని పునాది మీద ఒంటరిగా నిలబడింది.

"అయితే ఇనప పట్టీలేసి బిగించెయ్యి తల్లీ," అన్నాడు మామయ్య.

"దేనికి బిగించను మామయ్యా? మూల కింద నేలే కుంగుతోంది. పట్టీలేస్తే పక్క గోడల్నీ లాక్కుపోతుంది."

అయినా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బయట ఉక్కు దూలాలు ఆనించింది. పునాది కిందికి సిమెంటు పాలు ఎక్కించింది. బీట కదిలితే తెలిసేలా దాని మీద గాజుపలక అతికించి ఇంటికి వెళ్లేది. పొద్దున్నే వచ్చి చూస్తే పలక పగిలి ఉండేది. తవ్వకం ఆపమని రైలువాళ్ల కాళ్లావేళ్లా పడింది.

"సొరంగం మేడ దాటిపోయిందమ్మా. ఇప్పుడు ఆపితే మాత్రం జారిన మట్టి వెనక్కొస్తుందా?" అన్నాడు వాళ్ల పెద్ద ఇంజనీరు. ఆ మాట అబద్ధమైతే బాగుండునని ఆమె లెక్కలు మళ్లీ మళ్లీ వేసింది. కాలేదు.

పక్కల్లో కాపురాలున్నాయి. అవి నిలబడాలంటే, వాటి మీదికి ఒరగకముందే మూల దించెయ్యాలి. ఆ మాట ఆమె నోటితోనే చెప్పాల్సొచ్చింది.

మామయ్య కుర్చీ తుడుస్తూ విన్నాడు. "దీన్ని నిలబెట్టే చదువు ఇంకేదైనా ఉంటే అదే చదివించేవాణ్ణి," అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "వేరే దారి లేదా అమ్మాయ్?"

"లేదు మామయ్యా."

"నువ్వు కాకుండా ఇంకెవరైనా చూస్తే?"

ఆమెకు ఆ మాట గుచ్చుకుంది. కానీ ఆయన తప్పుపట్టి అడగలేదు. మునిగిపోయేవాడు చేతికి అందినదాన్ని పట్టుకున్నట్టు అడిగాడు. "అడిగాను. అందరూ ఇదే చెప్పారు," అంది.

గుమ్మటాన్ని క్రేనుతో ఎత్తి పక్కన పెట్టారు. మర్నాటినుంచి ఇటుకలు ఒక్కో వరుసే దించారు. వంపు అద్దాలనైనా దక్కించాలని ఆమె చట్రాలతో సహా ఊడదీయించబోయింది. బిగుతు సడలగానే అవి వాటంతటవే పగిలిపోయాయి. అడ్డుతాడు ఇవతల మామయ్య చేతిసంచిలో కత్తెరలు పెట్టుకుని నిలబడ్డాడు. పక్కన ఆమె.

మధ్యాహ్నానికి సెలూన్ గోడ వంతు వచ్చింది.

"చూడకు మామయ్యా, ఇంటికెళ్దాం," అంది.

"నువ్వు వెళ్లు తల్లీ, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు," అన్నాడాయన.

ఇద్దరూ కదల్లేదు. మూల పోయినా అన్నదమ్ముల గోడలు రెండూ నిక్షేపంగా నిలిచాయి. వాటి మధ్యనుంచి వెనక పెరటి మెట్లూ, ఎవరో ఆరేసిన దుప్పటీ రోడ్డుకు కనిపించసాగాయి.