తెల్ల కలువ నాకే అన్నది నేనే

నేను ఒక స్మార్ట్‌ఫోనును. స్మార్ట్ అన్నది పెట్టెమీద అచ్చేసినవాళ్ల మాట, దానికి నేను పూచీ పడను. నోయిడాలో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. పుట్టినరోజే ఎవరో వందసార్లు వేలితో పొడిచి, బాగానే పనిచేస్తున్నానని తేల్చుకుని పెట్టెలో పడేశారు.

నా మొదటి యజమాని విజయవాడలో మెడికల్ రెప్. మంచంమీద దొర్లుతూ "దారిలో ఉన్నాను సార్" అని రోజుకు పదిసార్లు చెప్పేవాడు. ఆ అబద్ధాలన్నీ మోసింది నేనే. ఏడాది తిరిగేసరికి కొత్త మోడల్ వచ్చింది, నన్ను వదిలించుకున్నాడు. గీతపడిన అద్దంతో రాజమండ్రిలో ఒక సెకండ్‌హ్యాండ్ షాపులో నాలుగు నెలలు పడున్నాను. అక్కణ్ణుంచి నన్ను ఇంటికి తెచ్చుకున్నది మంగతాయారు గారు.

ఆవిడ ఆర్టీసీలో పాతికేళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. బస్సు దిగారు గానీ అజమాయిషీ వదల్లేదు. డాబామీద మొక్కలు పెంచేవాళ్ల కోసం 'డాబా తోట మిత్రులు' అని ఆన్‌లైన్‌లో గ్రూపు పెట్టారు. నాలుగు వేలమంది చేరారు. రూలు ఒక్కటే, మొక్కల సంగతులు తప్ప ఇంకేం రాయకూడదు. గుడ్ మార్నింగులు, రాజకీయాలు, పెళ్లిరోజు శుభాకాంక్షలు ఏవి వచ్చినా, టికెట్ లేనివాణ్ణి దించేసినట్టు అప్పటికప్పుడే దించేసేవారు.

ఆ గ్రూపులో ఒక ఆనవాయితీ ఉంది. ఇల్లు మారేవాళ్లు కుండీలు మోసుకెళ్లలేక ఫొటోలు పెట్టి పంచేస్తారు. కింద ఎవరు ముందు 'నాకే' అని రాస్తే వాళ్లదే ఆ మొక్క. ఎంతో మర్యాదస్థులు కూడా ఆ రోజు పెళ్లిలో రెండో బంతికి ఎగబడ్డట్టు ఎగబడతారు.

ఆషాఢంలో ఒక ఉదయం తణుకు నుంచి ప్రభుదాసు అలాంటి పోస్టు పెట్టాడు. అతను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాడు, ముప్ఫై రెండేళ్లుంటాయి. తొట్లలో కలువలు పెంచడంలో గ్రూపులో అతన్ని మించినవాళ్లు లేరు. "అన్నీ ఇచ్చేస్తున్నాను. ఎవరికి కావలసినవి వాళ్లు తీసుకెళ్లండి" అని నలభై ఫొటోలు పెట్టాడు. నిమిషం తిరక్కుండా మంగతాయారు గారు నామీద టకటకా కొట్టారు, "తెల్ల కలువ నాకే!" అని. పంపింది నేనే. వెనకాలే అరవైమంది క్యూ కట్టారు.

కాఫీ తాగొచ్చి ఆవిడ మళ్లీ చూశారు, ఈసారి నెమ్మదిగా. నీళ్ల డబ్బా ఇచ్చేస్తున్నాడు. వచ్చే ఏడాదికని దాచుకున్న విత్తనాలు కూడా ఇచ్చేస్తున్నాడు. ఇల్లు మారేవాడు విత్తనాలెందుకు పంచుతాడు, జేబులో పడతాయి కదా? ఎక్కడికి మారుతున్నాడో ఒక్క ముక్క లేదు. చివర మాత్రం ఇలా ఉంది: "మల్లెకు రోజూ నీళ్లు పోయండి. ఇన్నాళ్లూ నన్ను భరించినందుకు థాంక్స్."

ఆవిడ వేలు నామీద ఆగిపోయింది. ఇరవై రోజుల కిందట అతను ఇంకో పోస్టు పెట్టాడు: "ఈమధ్య దేనిమీదా మనసు నిలవడం లేదు. నిద్ర లేదు. ఎవరికైనా ఇలా అవుతుందా?" మొక్కల సంగతి కాదని తీసేశాం. ఆవిడ నొక్కారు, నేను చెరిపేశాను. నాకు సెకను కూడా పట్టలేదు. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఒకసారి అతను కలువ దుంపలు పంపినప్పటి నంబరు నా దగ్గరుంది. ఆవిడ ఫోన్ చేశారు. ఎత్తలేదు. మళ్లీ చేశారు. మూడోసారికి ఎత్తాడు.

"ప్రభుదాసూ, మంగతాయారుని. ఎక్కడికెల్తన్నావు బాబూ?"

"ఎక్కడికీ లేదండి."

"మరి మొక్కలన్నీ ఎందుకిచ్చేత్తన్నావు?"

ఆవిడ ఇక డొంకతిరుగుడుగా అడగలేదు.

"చచ్చిపోదామనుకుంటన్నావా?"

నేను హడలిపోయాను. అలా అడగొచ్చా, అడిగితే లేని ఆలోచన పుట్టదూ అనుకున్నాను. నాదే తెలివితక్కువ. అవతల ఎంతోసేపటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది.

"అవునండి. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండి" అన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు.

"ఏడు నాయనా. నేను ఫోను పెట్టను. ఆ రోజు నీ పోస్టు తీసేసింది నేనే, తప్పు నాదే. ఇప్పుడు చెప్పు, ఇంటాను. నీ దగ్గరికి మనిషిని పంపుతాను, ఒంటరిగా ఉండకు. సరేనా?"

"సరేనండి."

అప్పటికి నా బ్యాటరీ పదకొండు శాతం. ఛార్జరు వైరు చూస్తే మూరెడు కూడా లేదు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఫ్రిజ్ పక్కన ప్లగ్గు దగ్గరే గోడకానుకుని గంటంబావు నిలబడే విన్నారు. మధ్యలో కోడలి ఫోను లాక్కుని తణుకులోనే ఉన్న నర్సరీ సత్తిబాబుకి చెప్పారు. "గులాబీలు నాకే అని రాశావుగా, ఎల్లు. కుండీ ముట్టుకోకు. మనిషి పక్కన కూర్చో."

సత్తిబాబు ఇడ్లీ పొట్లంతో వెళ్లి కూర్చున్నాడు. అతను పక్కనుండగా ప్రభుదాసు 14416కి, అదే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీమానస్‌కి, ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడాడు. మధ్యాహ్నానికి భీమవరం నుంచి వాళ్ల అక్క వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఒక్కరోజులో ఏమీ కుదుటపడలేదు. మందులు, మాటలు, మళ్లీ కొన్ని చెడ్డవారాలు. కానీ మనిషి మా మధ్య ఉన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ గ్రూపులో రాశారు: "ప్రభుదాసు మొక్కలు ఎవరూ అడగొద్దు. ఆయన ఎక్కడికీ వెళ్లడం లేదు." ఎన్నో సందేశాలు పంపాను గానీ, అంత తేలికైన మనసుతో ఏదీ పంపలేదు. రూలు కూడా మారింది. మనసు బాగోలేదని రాస్తే ఇప్పుడు ఎవరూ తీసేయరు, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అలా రాసినవాళ్లు ఆ నెలలోనే ముగ్గురు తేలారు. అన్నాళ్లూ మొక్కల ఫొటోల వెనక నోరు మూసుకుని కూర్చున్నారు పాపం.

నాకిప్పుడు వయసైపోయింది. నిన్న ఆవిడకు కొత్త ఫోను వచ్చింది. సిమ్ తీసేముందు నాకు వచ్చిన ఆఖరి కాల్ ప్రభుదాసుదే. కలువ తొట్టికి ఎరువుగా ఆవపిండి ఎక్కువ వేయమని ఆవిడ గ్రూపులో రాశారు. మండిపడ్డాడు.

"నీళ్లు కుళ్లిపోతాయండి! చెప్తే ఇనరే మీరు!"

"నువ్వు పుట్టకముందు నుంచీ ఏత్తన్నాను, నాకు చెప్పకు!"

"అయితే వచ్చే ఏడు చూద్దురుగాని, ఎవరి తొట్లో ముందు పూత్తాయో!"

వచ్చే ఏడు అన్నాడు. ఆవిడ దెబ్బలాట మానేసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, నన్ను స్విచాఫ్ చేశారు. నాకు దిగులేమీ అనిపించలేదు.