గడప లెవెలు

ఎత్తులు కొలిచే స్టాఫు కర్ర అడుగుకి అంటిన మట్టిని నిట్రాట గుడ్డతో తుడిచాడు. బొటనవేలితో రాసి చూసి, నమ్మకం కుదరక మళ్లీ తుడిచాడు. కర్ర కింద మట్టి ఉంటే అది ఎత్తులో కలిసిపోతుంది, ఎత్తు తప్పితే కాలువ వాలు తప్పుతుంది, వాలు తప్పితే వాననీళ్లు ఎవరింట్లోకో పోతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ పెద్ద ఇంజినీరు తిట్టి మరీ నేర్పిన పాఠం ఇది. తిట్లు మర్చిపోయాడు గానీ తుడవడం మర్చిపోలేదు. ఆ గుడ్డ, భార్య చింపి ఇచ్చిన పాత దిండుగలీబు ముక్క. దాని మీద నీలం పూలు ఒకటీ అరా ఇంకా మిగిలే ఉన్నాయి.

వీధుల డిజైన్ ఆఫీసులో అతని పని, అంకెలు వేసిన ఆ పొడవాటి స్టాఫును ఇంజినీరు చూపించిన చోటల్లా నిలబెట్టి పట్టుకోవడం. దూరంగా మూడుకాళ్ల స్టాండు మీద లెవెల్ మిషన్ ఉంటుంది. దాని గొట్టంలోంచి ఇంజినీరు అంకె చదివితే ఎక్కడ ఎత్తో, ఎక్కడ పల్లమో తేలుతుంది. కాలువ ఎటు పారాలో, ఫుట్‌పాత్ ఎంత లేవాలో ఆ తర్వాత కాగితం మీద గీస్తారు. రోజంతా కర్ర పక్కన కర్రలా నిలబడే మనిషి, పైగా సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఇంకేముంది, ఆఫీసువాళ్లు నిట్రాట అని పేరు పెట్టేశారు. అసలు పేరు జీతం రోజున తప్ప వినపడదు.

పట్టుకోవడంలో ఓ కిటుకుంది. కర్ర ఏ కాస్త వాలినా అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకని ఇంజినీరు చెయ్యి పైకెత్తగానే స్టాఫును మిషన్ వైపుకి వాల్చి, మళ్లీ వెనక్కి వాల్చి, మెల్లగా ఊపుతూ ఉండాలి. అలా ఊగేటప్పుడు కనిపించినవాటిలో అన్నిటికన్నా చిన్న అంకె ఏదో, అదే సరైనది. చెయ్యి దించితే ఆపెయ్యాలి. ఏళ్ల తరబడి ఊపీ ఊపీ నిట్రాటకి ఊగడం ఒంట్లోకి ఇంకిపోయింది. క్యూలో నిలబడ్డా ఊగుతాడు, చావింటికి వెళ్లి నిలబడ్డా ఊగుతాడు. పెళ్లి ఫొటోలో భార్య చక్కగా పడింది, అతను మసగ్గా పడ్డాడు. “పక్కనెవరని అడిగితే ఏం చెప్పనూ?” అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇవాళ కొలవాల్సింది వాళ్ల సందే.

వాన గట్టిగా కురిస్తే చాలు, పెద్దవీధి నీళ్లన్నీ ఆ సందులోకి దిగుతాయి. సందు చివరి ఇల్లు వీళ్లది, పల్లంలో ఉంది. నీళ్లు గడప దాటి వచ్చినప్పుడల్లా భార్య మంచం కింద ఇటుకలు పెడుతూ, “ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డట్టుంది మన బతుకు” అంటుంది. పోయిన వానల్లో ఆవిడ కుట్టుమిషన్ పెడలు మునిగి తుప్పు పట్టింది. ఈసారి పెద్దవీధి ఫుట్‌పాత్ వెడల్పు చేసే డిజైన్లో, ఎవరి దయ వల్లో, ఈ సందు కూడా చేరింది. కానీ సాయంత్రానికల్లా లెవెళ్లు అందాలి. లేకపోతే డ్రాయింగు పెద్దవీధి దగ్గరే ఆగిపోతుంది.

పొద్దున లేచేసరికే అతని ఎడమ చెయ్యి బరువుగా ఉంది.

“మొహం అలా పాలిపోయిందేంటండీ? ఇవాళ మానెయ్యండి” అంది భార్య.

“బాగుంది! ఊళ్లో గుమ్మాలన్నీ కొలిచి, మన గుమ్మం కొలిచే రోజున మానెయ్యనా? గ్యాసేలే. రేపు ఆసుపత్రికి వెళ్దాం.”

“రేపంటే రేపే!”

“రేపే.”

ఇంజినీరమ్మ ఉద్యోగానికి కొత్త, మనిషి మంచిది. ఎండెక్కాక అతని చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోవడం చూసి దగ్గరికొచ్చింది.

“బాబాయ్, ఆపేద్దామా? ఒక్కరోజు గడువు అడుగుతాను.”

“అడిగితే ఇవ్వరమ్మా. ఈ సందు తీసేసి పంపించమంటారు.” ఊపిరి తీసుకోవడానికి ఆగి, నవ్వు తెచ్చుకున్నాడు. “ఆ చివర ఆకుపచ్చ తలుపు ఉంది చూడు, అది మాదే.”

“ముందే చెప్పొద్దూ! అయితే మీ గడపతోనే ముగిద్దాం.”

ఆ మాటకి అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగింది. వెలగకుండా ఉంటే ఆవిడ పని ఆపేసి ఆసుపత్రికి తీసుకెళ్లేదేమో. ఇప్పుడు అనుకుని ఏం లాభం?

సందులో ఒక్కో ఇంటి ముందూ స్టాఫు నిలబెడుతూ పోయాడు. ఇస్త్రీ షాపతని మెట్టు దారిలోకి పొడుచుకొచ్చి ఉంది.

“ఏం నిట్రాటా, మా మెట్టు కొట్టేయిస్తావా?”

“మెట్టు బదులు ఏటవాలు వస్తుందిలే. బండి నేరుగా లోపలికి తోసుకోవచ్చు.”

“స్టూలేస్తాను, కాసేపు కూర్చో. మనిషివి ఉడికిపోతున్నావు.”

“కూర్చుంటే లేవలేనేమో” అన్నాడు నిట్రాట. ఇస్త్రీ షాపతను నవ్వాడు. జోకనుకున్నాడు పాపం.

ఆకుపచ్చ తలుపు దగ్గరికి చేరేసరికి భార్య గ్లాసుతో నీళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నిట్రాట గ్లాసు అందుకోలేదు. ముందు గడప రాయిని గుడ్డతో తుడిచాడు. స్టాఫు అడుగు తుడిచాడు. గుడ్డను బొడ్లో దోపుకోబోతే అది జారి కింద పడింది. తీసుకోవడానికి వంగలేదు. గడప బయటి అంచు మీద స్టాఫు నిలబెట్టి, రెండు చేతులా పట్టుకున్నాడు.

“పక్కకి జరుగు. ఇంజినీరమ్మకి అడ్డమొస్తావు.”

“అబ్బో, మా ఇంటి ముందు మమ్మల్నే జరగమంటున్నారు!” అంటూ ఆవిడ జరిగింది.

సందు మొదట్లో ఇంజినీరమ్మ గొట్టానికి కన్ను ఆనించి చెయ్యి పైకెత్తింది. గొట్టంలోంచి మనిషి కనపడడు. అంకెలు, వాటి వెనక ఓ చొక్కా ముక్క కనిపిస్తాయి, అంతే. స్టాఫు ముందుకి వాలింది. వెనక్కి వాలింది. అంకె తగ్గింది, పెరిగింది, మళ్లీ తగ్గింది. అన్నిటికన్నా చిన్నది చూసుకుని రాసుకుని ఆవిడ చెయ్యి దించింది.

స్టాఫు ఊగడం ఆగలేదు.

చూసుకోలేదు కాబోలనుకుని, రాసిన అంకెను మరోసారి సరిచూసుకుంది. సరిపోయింది. “చాలు బాబాయ్! వచ్చేసింది!” అని కేకేసింది. అయినా ఊగుతూనే ఉంది.

“చాలంటోంది ఆ అమ్మాయి. ఇంటికొచ్చినా ఊగుడేనా?” అంది భార్య, నవ్వుతూ. ఆ నవ్వు ఆవిడను ఇక జన్మలో వదలదు.

నిట్రాట నుదురు స్టాఫుకి ఆన్చాడు. కర్ర వెళ్లి ద్వారబంధానికి చేరబడింది. అతను దాని వెంటే మెల్లగా కిందికి జారి, గడప మీద కూర్చున్నాడు. అలిసిపోయి కూర్చున్నాడనే అనుకుంది ఆవిడ. గ్లాసు నోటి దగ్గర పెట్టింది. నీళ్లు గడ్డం మీదుగా జారి చొక్కాలోకి పోయాయి.

“ఏవండీ,” అంది. “ఏవండీ, తాగండి.”

ఇంజినీరమ్మ మిషన్ వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఇస్త్రీ షాపతను బట్టల మూటలు కింద పడేసి బండి తెచ్చాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు నాడి చూసి, తోవలోనే పోయాడని చెప్పాడు. తోవలో కాదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. పట్టపగలు, కళ్లెదుట, ఇద్దరు చూస్తుండగా మనిషి పోయాడు. ఇద్దరూ అతను పని చేస్తున్నాడనుకున్నారు.

పొద్దువాలేసరికి ఇల్లు జనంతో నిండింది. ఇంజినీరమ్మ లోపలికి రాలేక గుమ్మం బయటే నిలబడింది. అప్పుడు పైకెత్తిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఉంది. భార్య ఏడవడం లేదు. ఏదో పని మధ్యలో మర్చిపోయినట్టు ఇటూ అటూ చూస్తోంది. ఇంజినీరమ్మను చూడగానే లేచొచ్చింది.

“మా గడప లెవెలు దొరికిందా అమ్మా?”

ఇంజినీరమ్మ తల ఊపింది.

“సరిగ్గా వచ్చిందా? మళ్లీ కొలవక్కర్లేదుగా?”

“సరిగ్గానే వచ్చిందండీ. రెండుసార్లు చూశాను.”

“వస్తుందిలే,” అంది ఆవిడ. “బాగా ఊగారు కదా.”

అలా అన్నాకే ఆ మాట తన చెవినపడ్డట్టుంది. రెండు చేతులతో నోరు మూసుకుని, ఉన్నచోటే కూలబడిపోయింది. లోపలి నుంచి ఆడవాళ్లు పరుగున వచ్చి పట్టుకున్నారు.

ఇంజినీరమ్మ లెవెళ్లు అందించడానికి వెనక్కి తిరిగింది. స్టాఫు తీసుకెళ్లాలని ఆవిడకి తోచలేదు, తీసుకెళ్లమని ఎవరూ అనలేదు. అది గడప అంచు మీద, ఆకుపచ్చ తలుపు పక్కన ద్వారబంధానికి చేరగిలబడి అలాగే ఉంది. దాని అడుగు శుభ్రంగా ఉంది. పక్కన నేల మీద, నీలం పూల గుడ్డ ముక్క.