కత్తిరించని కూతలు

ఆమె ఎనిమిదేళ్లు అడవులు పట్టుకు తిరిగి మూడు వందల పక్షుల కూతలు రికార్డు చేసింది. ఆమె పనిచేసే పరిశోధన సంస్థలో పై అధికారి ఆమె అక్క మొగుడు. భద్రంగా ఉంచుతానని వాటిని తన హార్డ్ డిస్కులోకి ఎక్కించుకున్నాడు. ఏడాది తిరిగేసరికి అవి సంస్థ వేసిన ఆడియో పుస్తకంగా అతని పేరుతో బయటికొచ్చాయి. అడిగితే, మైకు మోసినంత మాత్రాన కూత నీదవుతుందా అని నవ్వేశాడు. ఆమె ఉద్యోగం మానేసి ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసే పనిలో చేరింది. కడుపుమంట మాత్రం చల్లారలేదు; బావ ఒంటరిగా దొరికినప్పుడల్లా అడుగుతూనే ఉంది.

మూడేళ్లకు ఆ కాలేజీకే బావ ఉపన్యాసమివ్వడానికి వచ్చాడు. హాల్లో ఉన్నది విండోస్ కాదు, లినక్స్‌తో నడిచే కంప్యూటరు. అతని డిస్కు తెరుచుకోవడం లేదని ఆమెకు కబురొచ్చింది. మరదలిని చూడగానే అతని ముఖంలో రంగు మారింది. కానీ ఎదురుగా రెండు వందల మంది కూర్చుని ఉన్నారు.

"నువ్వే ఎలాగోలా గట్టెక్కించాలమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

ఏయే డిస్కులు ఉన్నాయో చూడ్డానికి ఆమె lsblk అని కొట్టింది. డిస్కు sdb1 అనే పేరుతో కనబడుతోంది గానీ ఏ ఫోల్డరుకూ తగిలించి లేదు. /mnt కింద ఒక ఫోల్డరు చేసి, డిస్కును దానికి తగిలించబోతే, అంటే మౌంట్ చేయబోతే, మొరాయించింది. వెనకటి కంప్యూటర్లోంచి బావ దాన్ని సరిగ్గా ఎజెక్ట్ చేయకుండా పీకేశాడు మరి. చదవడానికి మాత్రమే వీలయ్యేలా మౌంట్ చేస్తే తెరుచుకుంది.

లోపల రెండు ఫోల్డర్లు: 'ఉపన్యాసం', 'అసలువి'. రెండో దాంట్లో ఉన్నవి ఆమె ఫైళ్లే, ఆమె వేసిన నంబర్లతోనే. బావ పుస్తకంలో పెట్టిన వాటిలో ప్రతి కూతకూ ముందుండే పది సెకన్లు కోసేశాడు. ఇక్కడ అవి అలాగే ఉన్నాయి.

బావ మైకు ముందు నిలబడి, ఇది తాను తెల్లవారుజామున వాగులో నిలబడి పట్టిన కూత అని చెప్పి, మొదటిది వినిపించమని సైగ చేశాడు. ఆమె 'అసలువి' నుంచి వినిపించింది. కూతకు ముందు ఒక ఆడగొంతు పలికింది.

"ఐదున్నర. వాగు ఒడ్డు. నేనొక్కదాన్నే ఉన్నాను. బావ ఇంకా నిద్రలేవలేదు."

తర్వాత పిట్ట కూసింది. ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. బావ చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆమె రెండోది పెట్టింది. ఆరు గంటలు, వాన, బావకి జలుబట. మూడోదానికి హాలంతా ఘొల్లుమంది. బావతో పాటు వచ్చి ముందు వరసలో కూర్చున్న సంస్థ డైరెక్టరు మాత్రం నవ్వకుండా లేచి, ఆ గొంతెవరిదని అడిగాడు.

"నాదండీ," అంది ఆమె.

సంస్థ పుస్తకాన్ని వెనక్కి తీసుకుని ఆమె పేరుతో మళ్లీ వేసింది. బావను పదవి నుంచి తప్పించారు. అక్క ఫోన్ చేసి, అంతమందిలో అలా చెయ్యాలా అని ఏడ్చింది.

"ఒక్కడే ఉన్నప్పుడు మూడేళ్లు అడిగానక్కా," అంది ఆమె.

అక్క ఏడుపుకి మనసు చివుక్కుమంది. బావ గురించి మాత్రం ఏమీ అనిపించలేదు. ఆ పూట కడుపునిండా తింది.